సున్నమింత గోడ: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరి మన మెదకు సీమవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేసి మరీ ఆయన గంటం పట్టాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం మాకూ సమ్మతమే. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్య నాలుగు ముక్కల్లో అయిపోతుంది.

వ్యాఖ్యానించబోయేది ఒకే ఒక్క పద్యం. కవి ఎవరో తెలియదు. ప్రతులు రెండు దొరికాయి. మొదటిది పేట ప్రతి. జగ్గయ్యపేటలో ఒక ఇంటి వంటగది తలుపు వెనక, చర్చివాళ్ళు పంచిన క్యాలెండర్లో, డిసెంబరు కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది. 25వ తేదీ గడి పక్కన మొదలై, గ్యాసు బండ మార్చిన తేదీ మీదుగా నడిచి, పాల లెక్కలో కలిసిపోయింది. రెండోది నందిగామ ప్రతి. అది వాట్సాప్ ప్రతి. కాబట్టి ఎప్పుడు వచ్చిందో గంటా నిమిషంతో సహా తెలుస్తుంది, ఎవరు దిద్దారో మాత్రం తెలియదు. రెండూళ్ళకీ మధ్య హైవే మీద ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ కాస్త దూరంలోనే ఒక పాఠభేదం పుట్టింది. దాని గొడవ చివర్లో తేల్చుకుందాం.

సందర్భం ఇది. ఆ పేట కుటుంబం ఆ ఏడు క్రిస్మసు సింపుల్‌గా చేసుకుందామనుకుంది. నందిగామ ఇచ్చిన పెద్దమ్మాయీ, అల్లుడూ పండక్కి ముందుగానే వచ్చారు. ‘సింపుల్‌గా’ అని ముందు అన్నది ఎవరో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళనే చూపిస్తున్నారు.

మూలము

సున్న మింత గోడ సోకెను మిగిలిన
దంత నేల బావ తలకు చేరె
చుక్క వెలుగు లోపు సొమ్మసిల్లె కరెంటు
కేకు గట్టి పడెను క్రిస్మసొచ్చె

ప్రతిపదార్థము

సున్నము = రాతిసున్నమును నీట వేసి, మరగనిచ్చి, పాత చీర ముక్కతో వడగట్టిన తెల్లని ద్రవము; ఇంత = కుంచె ఒక్కమారు ఆడిన మేర; గోడ = వీధివైపు గోడను; సోకెను = తాకెను; మిగిలినదంత = బకెట్టులో ఉన్న శేషమంతయు; నేల = నిన్ననే కడిగిన గచ్చునకును; బావ = అక్క మగని యొక్క; తలకు = నూనె రాసి దువ్విన తలకును; చేరె = చేరెను; చుక్క = వెదురు బద్దలతో కట్టి రంగు కాగితము అంటించిన క్రిస్మసు నక్షత్రము; వెలుగు లోపు = వెలుగుటకు ముందే; సొమ్మసిల్లె = మూర్ఛపోయెను; కరెంటు = విద్యుత్తు; కేకు = కుక్కరులో కాల్చబడినట్టిది; గట్టి పడెను = గట్టిపడెను (దీనికి వేరే అర్థము చెప్పనక్కర లేదు); క్రిస్మసు = డిసెంబరు 25; ఒచ్చె = వచ్చెను.

తాత్పర్యము

సున్నం గోడకు కాస్త తగిలింది, తక్కినదంతా నేల పాలూ బావ తల పాలూ అయింది. నక్షత్రం వెలగకముందే కరెంటు పోయింది. కేకు రాయి అయింది. పండగ వచ్చేసింది.

ఇంతటితో చదువు ముగించే పాఠకులు ధన్యులు. తక్కినవాళ్ళకు విశేషాలు.

మొదటి పాదం

సున్నం అనగానే పేటవాళ్ళకు ఒక ధీమా ఉంటుంది. ఆ నేల కిందంతా సున్నపురాయే. ఆ రాతిని నమ్ముకుని చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. ఊరి పక్కనున్న ప్రాచీన బౌద్ధ స్తూపానికి పరిచిన పలకలూ సున్నపురాయే. కాబట్టి సున్నం వేయడం తమకు పుట్టుకతోనే వచ్చని ఆ ఇంటి మగవాళ్ళ నమ్మకం. నందిగామ అల్లుడికి ఆ ధీమా కూడా అక్కర్లేదు, అత్తగారి ముందు ఏ పనీ రాదని అనకూడదు, అంతే.

ఇక్కడ కవి ఒక ముఖ్య ఘట్టాన్ని వదిలేశాడు. మేము పూరిస్తాం. కాల్చిన రాతిసున్నం మీద నీళ్ళు పడగానే అది బుసబుసమని మరుగుతుంది. కింద మంట ఉండదు, పొయ్యి ఉండదు, అయినా ఆవిరి లేస్తుంది. అందుకే పాతకాలం వాళ్ళు మట్టి కుండలోనో, ఇనప డ్రమ్ములోనో నానబెట్టి, రాత్రంతా దాని దారిన దాన్ని వదిలేసేవాళ్ళు. అల్లుడుగారు ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టులో నానబెట్టారు. బకెట్టు ఒక పక్కకు వాలి, నడుం వంచి నమస్కారం పెట్టింది. అయినా కారలేదు. ఇది మా ఊహ కాదు. ఆ బకెట్టును మేము స్వయంగా చూశాం, ఇప్పుడది మొక్కలకు నీళ్ళు పోయడానికి పనికొస్తోంది.

రెండో చిక్కు పూతలో ఉంది. సున్నం తడిగా ఉన్నంతసేపు గోడ మీద నీళ్ళలాగే కనిపిస్తుంది. ఆరి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతూ తెల్లబడుతుంది. ఇది తెలిసినవాడు పల్చగా ఒక పూత వేసి, భోజనం చేసి వచ్చి రెండో పూత వేస్తాడు. తెలియనివాడు ‘తెలుపు రావట్లేదు’ అంటూ చిక్కగా కలిపి అక్కడే మెత్తుతాడు. అలా మెత్తింది ఎండాక పెచ్చులుగా లేచి చొక్కాలకు అంటుకుంటుంది. కవి ‘ఇంత’ అన్నది ఆ చిక్కటి మొదటి పట్టు గురించేనని మా నిశ్చయం. నీలిమందు ఎక్కువై గోడ కాస్త ఆకాశం రంగుకు తిరిగిందని ఒక వాదం ఉంది. పద్యంలో దానికి ఆధారం లేదు గనుక మొదటి సగం ప్రతిజ్ఞ ప్రకారం వదిలేస్తున్నాం.

రెండో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. తెల్లబడాల్సింది గోడ, తెల్లబడింది తల. ఒకచోట జరగాల్సిన పని మరోచోట జరిగితే ఆలంకారికులు దాన్ని అసంగతి అన్నారు. లక్షణ గ్రంథాల్లో దీనికి ఉదాహరణలు ఉన్నాయి. ఇంత శుద్ధమైన ఉదాహరణ వాటిలో మాకు కనిపించలేదు.

శంక: సున్నం పైనుంచి కిందికి పడాలంటే బకెట్టు బావ కన్నా ఎత్తులో ఉండాలి కదా? వేసేవాడి తల మీదే ఎలా పడింది?

సమాధానం: ఉన్న ఒక్క నిచ్చెననూ చర్చి మీద పెద్ద నక్షత్రం కట్టడానికి యూత్‌వాళ్ళు పట్టుకెళ్ళారు. అది పండగ వెళ్ళాక గానీ తిరిగి రాదని అందరికీ తెలుసు. అందుకని నీళ్ళ డ్రమ్ము బోర్లించి, దాని మీద స్టూలు వేసి బావ ఎక్కాడు. బకెట్టును కిటికీ పైన సజ్జ మీద పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి అక్క ‘ఏవండీ, టీ ఇక్కడికి తేనా, అక్కడికి తేనా’ అని అడిగింది. మర్యాదస్థుడైన భర్త భార్య పిలిస్తే వెనక్కి తిరుగుతాడు. తిరిగాడు. మోచెయ్యి సజ్జకు తగిలింది. తక్కినది మూలంలో ఉంది.

శంక: రసం ఏది?

సమాధానం: చూసినవాళ్ళకు హాస్యం, పడినవాడికి అద్భుతం, గచ్చు కడిగిన అత్తగారికి రౌద్రం. కంట్లో పడలేదు గనుకనే ఇన్ని రసాలకు చోటు దొరికింది. సున్నం కంట్లో పడితే ధారగా నీళ్ళు పోస్తూ చాలాసేపు కడిగి, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు పద్యాలూ ఉండవు, వ్యాఖ్యలూ ఉండవు. బావ అదృష్టవంతుడు, కళ్ళజోడున్నవాడు.

మూడో పాదం

చుక్క మత్తయి సువార్తలోది. పశువుల తొట్టె లూకా సువార్తలోది. మన ఇళ్ళల్లో రెండూ ఒకే వరండాలో ఉంటాయి. కేకు మాత్రం ఆ రెండింటిలోనూ లేదు. దాని సంగతి తర్వాత.

వెదురు బద్దలు చీల్చి, దారంతో బిగించి, మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితం అంటించడం ఆ ఇంట్లో తమ్ముడి పని. జిగురు రాత్రంతా ఆరబెడితే ఎలుకలకు విందు. పొద్దున లేచేసరికి అయిదు మొనల నక్షత్రానికి నాలుగు మొనలే కాగితంతో ఉన్నాయి. ఇది పద్యంలో లేకపోవడానికి కారణం కవి ఆ తమ్ముడే కావడమని ఒక అనుమానం. ఆత్మస్తుతి, ఆత్మనింద రెండూ కావ్యదోషాలే.

ఇక కరెంటు. వరండా చుట్టూ అటక మీది పాత సీరియల్ బల్బుల దండ కట్టారు. ఆ దండలో బుడ్డిబల్బులన్నీ ఒకదాని వెనక ఒకటిగా ఒకే దారిలో ఉంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులను అన్నీ తలా కాస్త పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి మాడితే దారి తెగి అన్నీ ఆరిపోతాయి, మాడింది ఏదో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. ఒక్కొక్కదాన్నే పీకి, మంచిది పెట్టి చూసుకుంటూ పోవాలి. ఉమ్మడి కుటుంబాల గురించి పెద్ద పెద్ద నవలలు రాసినవాళ్ళు ఈ దండ జోలికి ఎందుకు పోలేదో మాకు అర్థం కాదు.

దండ సంగతి తేలకముందే తమ్ముడు నక్షత్రంలో బల్బు పెట్టాడు. హోల్డర్ దగ్గర రెండు వైర్లకూ టేపు చుట్టలేదు. స్విచ్చి వేయగానే టప్పుమంది. ఫ్యూజు పోయింది, ఇల్లంతా చీకటి. కవి ‘చచ్చె’ అనకుండా ‘సొమ్మసిల్లె’ అన్నాడు చూడండి, అది ఔచిత్యం. ఫ్యూజు వైరు మారిస్తే లేచి కూర్చునేదాన్ని మూర్ఛ అనాలి గానీ మరణం అనకూడదు. అయితే ఫ్యూజు వైరు చుట్ట ఎక్కడుందో ఆ ఇంట్లో అమ్మకు ఒక్కదానికే తెలుసు. ఆమె అప్పుడు గచ్చు మీది సున్నం గీకుతోంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆ చీకట్లోనే క్యారల్స్‌వాళ్ళు వచ్చారు. డ్రమ్ము, గిటారు, శాంతాక్లాజు వేషంలో ఒక బక్కపల్చటి కుర్రాడు. ఇల్లు చీకటిగా ఉందని పక్కింటికి పోతారేమోనని నాన్న గుమ్మంలో నిలబడి ఫోను టార్చి ఊపాడు. వాళ్ళు పాడారు, ప్రార్థన చేశారు, టీ తాగారు. టీలో పంచదార బదులు ఉప్పు పడిందా అన్న విషయంలో సాక్ష్యాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి. శాంతాక్లాజు రెండో కప్పు అడిగినట్టు రూఢి గనుక పడలేదనే మా సిద్ధాంతం.

నాలుగో పాదం

‘కేకు గట్టి పడెను.’ ఈ మూడు మాటల వెనక ఒక పగలంతా ఉంది.

కేకు బేకరీలో కొంటే ఖర్చు, ఇంట్లో చేస్తే సింపుల్ అని అక్క తేల్చింది. ఓవెన్ లేదు. కుక్కర్ అడుగున ఇసుక పోసి, గాస్కెట్ తీసేసి, వెయిట్ పెట్టకుండా సన్నసెగ మీద కాల్చవచ్చునని యూట్యూబ్‌లో చూసింది. ఆ పద్ధతి మంచిదే, చాలా ఇళ్ళల్లో బాగానే కుదురుతుంది. ఇసుక పక్కింటివాళ్ళ మేడ కట్టుబడి కుప్పలోంచి వచ్చింది. అది మునేరుదా కృష్ణదా అన్న చర్చ జల్లెడ పట్టే పనిని మింగేసింది.

గట్టిపడటానికి హేతువులు అనేకం. మైదాలో తడి పడ్డాక ఎంత గిలక్కొడితే అంత సాగుడు పుడుతుంది. పూరీలకు అది మంచిది, కేకుకు చేటు. బావ, సున్నం మచ్చ పోగొట్టుకోవాలన్న ఉత్సాహంతో, చేతులు నొప్పెట్టేదాకా గిలక్కొట్టాడు. బేకింగ్ పౌడర్ డబ్బా పోయిన క్రిస్మసుది. దాని పొంగు ఎప్పుడో తేమకు హరించుకుపోయింది. లోటు తీర్చడానికి ఎవరో వంటసోడా వేశారు. ఆ సోడాకు తోడుగా పుల్లటిది ఏదైనా ఉంటే గానీ సరిగా పొంగదు, పెరుగో నిమ్మరసమో పడాలి. ఏదీ పడలేదు. అన్నిటికీ మించి, మూత. లోపల పొంగిన పిండి గట్టిపడి నిలబడేదాకా మూత తీయకూడదు. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ వంటింట్లోకి మంచినీళ్ళకు వచ్చి, పోతూ పోతూ ఒకసారి మూత తీసి చూశారు. నడుమ కుంగింది. టూటీఫ్రూటీలన్నీ అడుక్కి పోయి అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి.

దించాక చాకు దిగలేదు. నాన్న దాన్ని తిరగేసి, వేలితో తట్టి, ‘నాపరాయి’ అన్నాడు. పంటి కింద పడ్డ ఇసుక ఆ మాటను బలపరిచింది.

ఇందులో కవి పక్షపాతాన్ని ఖండించక తప్పదు. అదే పొయ్యి మీద, అదే పూట, అమ్మ అరిసెలు వండింది. కొత్తబియ్యం తడిపి, పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి. అరిసెకూ పాకమే పరీక్ష. లేతగా దించితే నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి కొరకలేం. నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి, ఉండ కట్టిన మెత్తదనాన్ని వేళ్ళతోనే తెలుసుకోవాలి. అమ్మ ఏ వీడియో చూడలేదు, ఒక్క అరిసె చెడలేదు. పద్యంలో దాని ఊసే లేదు. గారెలూ బాగున్నాయి, మాంసం కూరా బాగుంది, వాటి ఊసూ లేదు. చెడిందే పద్యమవుతుందన్న కవుల పాత జబ్బు ఇది.

‘క్రిస్మసొచ్చె’ దగ్గర తార్కికులు అడ్డు తగులుతారు. కేకు గట్టిపడటానికీ, క్రిస్మసు రావడానికీ సంబంధం ఏమిటి? ఒక పక్షం: ఏమీ లేదు, కేకు ఎలా ఉన్నా 25వ తేదీ ఆగదు. రెండో పక్షం: ఉంది. పొగను చూసి నిప్పును ఊహించినట్టే, ఆ ఇంటి నుంచి కేకును సుత్తితో కొట్టే చప్పుడు వినబడితే క్రిస్మసు వచ్చిందని వీధివాళ్ళు ఊహిస్తారు. అది వ్యాప్తి, ఏటా రుజువైనది. మేము రెండో పక్షం వైపే మొగ్గుతున్నాం.

ఛందస్సు

ఆటవెలది. యతులు సు-సో, దం-త, చు-సొ, కే-క్రి. లోపం లేదు. ‘వచ్చె’ను ‘ఒచ్చె’ అనడం గ్రామ్యమని అప్పకవి సంప్రదాయం వాళ్ళు నొసలు చిట్లిస్తారు. ఈ రెండూళ్ళూ ఉన్న మెట్టలో పండగ ఒస్తుందే గానీ వచ్చుట లేదు.

క్రిస్మసు తెలుగు పద్యానికి కొత్త అతిథి అన్న అభ్యంతరం మాత్రం నిలవదు. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890 దాకా జీవించి రాసిన క్రైస్తవ కీర్తనలను ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు. మెట్ట సంగతే చూడండి. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన నోబుల్, ఫాక్స్ దొరలు మచిలీపట్నంలో దిగారు. అదే సొసైటీకి చెందిన డార్లింగ్ దొర చేతి మీదుగా నందిగామ దగ్గరి రాఘవాపురం పెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాడు. ఈ ఊళ్ళు కృష్ణా జిల్లా నుంచి విడిపోయి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకు నూట అరవై ఏళ్ళ ముందు నుంచీ ఈ మెట్టలో క్రిస్మసు ఉంది. ఇంత పాత పండగకు ఆటవెలదిలో నాలుగు మాత్రల చోటివ్వడం గొప్పేమీ కాదు.

ధ్వని

పైకి కనబడే అర్థం ప్రమాదాల జాబితా. లోపలి అర్థం వేరు. మూడు ప్రమాదాల్లోనూ ఒక మనిషి లోటు ఉంది. సున్నం వేసే మనిషి, కరెంటు పని చేసే కుర్రాడు, బేకరీలో పొయ్యి దగ్గర నిలబడేవాడు. సింపుల్‌గా చేసుకోవడమంటే పండగలో ఏదో తగ్గించుకోవడం అని వాళ్ళు అనుకున్నారు. గోడా తగ్గలేదు, చుక్కా తగ్గలేదు, కేకూ తగ్గలేదు. తగ్గింది ఆ ముగ్గురి కూలీ మాత్రమే. పని మొత్తం అలాగే ఉండి, పని తెలిసినవాడు ఒక్కడే లేకుండా పోయాడు.

వాళ్ళు పిలవకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదని న్యాయంగా చెప్పాలి. డిసెంబరులో మెట్ట చేలల్లో పత్తి తీత. సున్నం వేసేవాళ్ళకు క్రిస్మసూ సంక్రాంతీ పక్కపక్కనే వస్తాయి, వాళ్ళు దొరకడం కష్టం. అయితే దొరకనివాడి పని మనమే చేసేయగలం అనుకోవడంలోనే ఈ పద్యం పుట్టింది.

పేటకు ఈ విషయంలో ఒక పాత సాక్ష్యం ఉంది. ఊరి పక్క ధనంబోడు మీద 1882లో బర్జెస్ దొర స్తూపాన్ని తవ్వించినప్పుడు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం దొరికింది. తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడి పేరు అందులో ఉంది: సిద్ధార్థుడు. రాజు కాదు, సెట్టి కాదు, శిల్పుల పనిపెద్ద. తండ్రి పేరూ, ఊరి పేరూ, తన వృత్తీ చెప్పుకుని మరీ ఆ రాతి మీద పేరు నిలిపాడు. ఆ కాలంలో ఆ స్తూపాన్ని ‘సింపుల్‌గా’ కట్టుకుందామని ఎవరైనా అన్నారేమో శాసనం చెప్పదు. స్తంభాలు మాత్రం నిలబడ్డాయి, ఎవరి తల మీదా పడినట్టు లేదు.

పాఠాంతరం

నందిగామ ప్రతిలో రెండో పాదం ‘మామ తలకు చేరె’ అని ఉంది. గణం చెడదు, యతి చెడదు, సున్నం మాత్రం ఒక తల మీంచి లేచి ఇంకో తల మీద పడుతుంది. నందిగామ వాదన ప్రకారం స్టూలు ఎక్కింది మామ, అల్లుడు కింద పట్టుకున్నాడు.

ఈ పాఠం మాకు అంగీకారం కాదు. మొదటి కారణం, ఎవరి గౌరవం నిలబెట్టడానికి ఏ అక్షరం మారిందో చూస్తే దిద్దినవాడి చిరునామా దొరుకుతుంది. ‘మామ’ను ‘బావ’గా మార్చడం వల్ల పేటకు ఒరిగేది లేదు. ‘బావ’ను ‘మామ’గా మార్చడం వల్ల నందిగామకు చాలా ఉంది. రెండో కారణం, మామకు మోకాళ్ళ నొప్పులు. ఆయన మంచం ఎక్కడానికే ఒక చేయి ఆసరా కావాలి. మూడోది ప్రత్యక్ష ప్రమాణం. పండగ పొద్దున ఆరాధన అయ్యాక అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చేయి ఉంచి ప్రార్థన చేశారు. అల్లుడి వంతు అయ్యాక ఆయన తన అరచేయి ఒకసారి చూసుకుని, పంచెకు తుడుచుకుని, పక్కవాళ్ళకు ప్రార్థన మొదలుపెట్టారు. పాటల గుంపులో ఉన్నవాళ్ళంతా దీన్ని చూశారు. ఇద్దరు పాట మధ్యలో ఆపేశారు కూడా.

కాబట్టి ‘బావ’ అనేదే మూలపాఠం.

నందిగామ పక్షం దీనికి ఖండన సిద్ధం చేస్తోందని వినికిడి. వాళ్ళ మొదటి అభ్యంతరం తల గురించి కాదట, బకెట్టు గురించట. అది పెళ్ళిలో నందిగామవాళ్ళు పెట్టిన సామానులోదనీ, వంగిపోయినదానికి బదులు పేటవాళ్ళు కొత్తది ఇవ్వాలనీ అంటున్నారు. వంచింది నందిగామ అల్లుడే కదా అని పేటవాళ్ళు అడిగారు. అయితే సున్నం వేసింది ఆయనేనని ఒప్పుకుంటున్నట్టే కదా అని మేము మధ్యలో కలగజేసుకున్నాం. అవతలి నుంచి రెండు నీలి టిక్కులు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు.